సద్దిమూటలో పండగ



డిసెంబరు మూడో వారంలో, సాయంత్రం ఏడింటికి, ఎల్బీ నగర్ చౌరస్తాలో ఒక్క పావుగంట నిలబడి చూడండి. మెట్రో మెట్లు దిగి ఇళ్ళకు పోయేవాళ్ళు ఒకవైపు, విజయవాడ బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి తొంగిచూసేవాళ్ళు ఒకవైపు. సూర్యాపేట, కోదాడ, గుంటూరు, ఖమ్మం అని అరుపులు. కాస్త ముందుకు సాగర్ రింగు రోడ్డు దగ్గరికి పోతే దేవరకొండ, మల్లేపల్లి, మాచర్ల. నేను మాత్రం ఆ బస్సుల్లోంచి దిగే సామాన్లు చూస్తుంటాను. ఎవరో ఒక పెద్దామె చేతిలో స్టీలు డబ్బా ఉంటుంది. మూత మీద పాత చీర ముక్క బిగించి కట్టి ఉంటుంది. ఆ గుడ్డకి నూనె మరక అంటి ఉందంటే అది పిండివంటల డబ్బా. సంక్రాంతికి ఇంకా మూడు వారాల పైనే ఉంది కదమ్మా, అప్పుడే అరిసెలేమిటి అని అడిగారనుకోండి, ఆమె మిమ్మల్ని ఎగాదిగా చూస్తుంది. క్రిస్మస్‌కి అరిసెలు లేకపోతే ఎట్లా?

ఎన్నికలొచ్చినప్పుడల్లా మా ప్రాంతం గురించి పత్రికలు ఒక మాట రాస్తుంటాయి. సెటిలర్లు. కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళని దానికి అర్థం. ఆ మాటతో నాకు చిన్న పేచీ ఉంది. నల్గొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చి కొత్తపేటలో, కర్మన్‌ఘాట్‌లో అద్దెకు దిగినవాళ్ళు మాత్రం ఇక్కడే పుట్టారా? నా సంగతే తీసుకోండి. మాది కోదాడ. హైదరాబాదులో నా మాట విన్నవాళ్ళు ఆంధ్రా యాస అంటారు. విజయవాడలో విన్నవాళ్ళు తెలంగాణ యాస అంటారు. సాంఘికశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ ముప్ఫై ఏళ్ళుగా చైతన్యపురిలో ఉంటున్నాను. నేను సెటిలర్నా, కాదా? ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

ఈ సెటిలర్ అన్న మాట అమెరికాలో కూడా ఉంది. అక్కడ దానికి అర్థం, ఐరోపా నుంచి ఓడల్లో వచ్చి, పల్లెల్లో భూమి తీసుకుని సేద్యం చేసిన జనం. వాళ్ళ క్రిస్మస్ గురించి, వాళ్ళ పిండివంటల గురించి ఈ రోజు మాట్లాడదామనుకుంటున్నాను. ఎక్కడి ఎల్బీ నగర్, ఎక్కడి అమెరికా పల్లెటూళ్ళు అని మీకు అనిపించవచ్చు. మా అపార్టుమెంటు మెట్లు ఒక్కసారి ఎక్కి దిగితే ఆ దారి కనపడుతుంది.

మా కింది పోర్షన్‌లో ఉండే అక్క వాళ్ళది దేవరకొండ దగ్గర పల్లె. వాళ్ళు ఎం.బి. చర్చి వాళ్ళు. ఎం.బి. అంటే మెన్నొనైట్ బ్రదరెన్. పై పోర్షన్ పిన్నిగారిది గుంటూరు జిల్లా. మాది లూథరన్ మిషన్ అండీ అంటారావిడ, మాది ఫలానా గోత్రం అన్నంత ధీమాగా. మధ్యలో మేము. మా ఇంట్లో క్రిస్మస్ చెయ్యం, తింటాం.

ఈ రెండు ఇళ్ళ పండగనీ వేళ్ళు పట్టుకుని వెనక్కి లాగితే, రెండూ అమెరికా పల్లెల్లో స్థిరపడిన జర్మన్ మాట్లాడే వలస జనం దగ్గరే తేలతాయి. ఈ సంగతి వాళ్ళకీ తెలియదు, నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు.

ముందు పై పోర్షన్ కథ. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్ అనే ఊళ్ళో పుట్టాడు. నెపోలియన్ యుద్ధాలు ఊళ్ళ మీద పడుతున్న రోజులు. పిల్లవాడిని ఇక్కడ ఉంచితే దక్కడని తల్లిదండ్రులు 1807లో ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరికి ఓడ ఎక్కించారు. పద్నాలుగేళ్ళ కుర్రాడు. తరవాత పాస్టరై, గుర్రమెక్కి, పెన్సిల్వేనియా అడవి దారుల్లో అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లుగా పరుచుకున్న జర్మన్ రైతుల మధ్య తిరిగాడు. లూథరన్ మిషనరీగా 1842 జులై 31న గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించాడు. మధ్యలో వెనక్కి పోయి మిన్నెసోటాలో కొత్తగా దిగిన వలస రైతుల మధ్య పనిచేసి, 1869లో, డెబ్బై ఆరేళ్ళ వయసులో, రాజమండ్రి మిషన్ చేజారిపోతుందని తెలిసి మళ్ళీ ఓడెక్కి వచ్చాడు. ఆ వయసులో మనం కింది ఫ్లోరుకి లిఫ్టు కోసం చూస్తాం.

కింది పోర్షన్ కథ ఇంకా మలుపులున్న కథ. మెన్నొనైట్లు పదహారో శతాబ్దంలో హాలండు ప్రాంతంలో బయలుదేరిన ఒక క్రైస్తవ శాఖ. మెన్నో సైమన్స్ అనే ఆయన పేరు మీద ఆ పేరు వచ్చింది. ఆయుధం పట్టం అన్నది వాళ్ళ పట్టుదల. అందుకని ఏ రాజుకీ గిట్టేవాళ్ళు కాదు. హాలండు నుంచి ప్రష్యాకు పోయారు. అక్కడ ఇరుకైతే, రష్యా మహారాణి కేథరిన్ పిలిచిందని ఇప్పటి యుక్రెయిన్ మైదానాలకు పోయారు. అక్కడే 1860లో మెన్నొనైట్ బ్రదరెన్ శాఖ విడిగా ఏర్పడింది. 1870లలో రష్యా వాళ్ళని కూడా సైన్యంలో చేరమనేసరికి మళ్ళీ మూటలు కట్టారు. 1874లో గుంపులు గుంపులుగా అమెరికాలోని కాన్సాస్, నెబ్రాస్కా, మిన్నెసోటా పల్లెలకు చేరారు. శాంటాఫే రైలు కంపెనీ వాళ్ళకి కాన్సాస్‌లో భూములమ్మింది. వాళ్ళు దిగడానికి కొద్ది వారాల ముందే మిడతల దండు వచ్చి ఆ ప్రాంతంలో పచ్చగా ఉన్నదల్లా తినేసి పోయింది. అట్లాంటి నేల మీద వాళ్ళ తొలి క్రిస్మస్.

ఈ వలసల్లో వాళ్ళతో వచ్చిన తిండిని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ఆశ్చర్యమూ వేస్తుంది. వాళ్ళ జ్వీబాక్ అనే రొట్టె పెద్ద బన్ను మీద చిన్న బన్ను కూర్చోబెట్టినట్టు ఉంటుంది, తలపాగా పెట్టుకున్న తాత లాగా. ప్రయాణానికి ముందు వాటిని విరిచి, గట్టిగా ఎండేదాకా కాల్చి, సంచులకెత్తారు. ఓడలో, రైల్లో, వారాల తరబడి అదే తిండి. మన సద్దిమూటే. వెరెనికె అని ఇంకోటి చేస్తారు. పిండి పూరీలో జున్ను లాంటిది పెట్టి మడిచి నీళ్ళలో ఉడకబెడతారు, ఉడకబెట్టిన కజ్జికాయ అనుకోండి. అది యుక్రెయిన్‌లో ఇరుగుపొరుగు నుంచి నేర్చుకున్నది. అమెరికాలో ఇప్పుడు దాన్ని మెన్నొనైట్ల సొంత వంటకమంటారు. తాతలనాటి వంట అని మనం గొప్పగా చెప్పుకునేదాంట్లో ఎంత భాగం పక్కింటిదో!

ఇక క్రిస్మస్ అనగానే వాళ్ళ ఇళ్ళలో ఉండి తీరాల్సింది పెప్పర్‌నట్. పేరుకి మిరియాల గింజ. చాలామంది చేసేవాటిలో మిరియాలే ఉండవు. గోధుమపిండిలో వెన్న, పంచదార గానీ పాకం గానీ వేసి, లవంగాలు, దాల్చినచెక్క, సోంపు లాంటి వాసన ఇచ్చే గింజల పొడి కలిపి, ముద్దని చల్లటి చోట ఒక రాత్రి ఉంచుతారు. తెల్లారి దాన్ని వేలు లావున పొడుగ్గా తాడులాగా చేత్తో దొర్లించి, చాకుతో చిన్న చిన్న ముక్కలుగా కోసి, పొయ్యిలో పెడతారు. శనగగింజకి అన్నలాగా ఉంటాయి. ఒకటి రెండు తినేవి కావు, జేబుల నిండా పోసుకుని తిరుగుతూ తినేవి. వారాలు కాదు, నెలలు నిలవ ఉంటాయి.

ఆ పొయ్యి గురించి ఒక్క మాట చెప్పాలి. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ల ఇంటి నడుమ ఇటుకలతో కట్టిన పెద్ద పొయ్యి ఉండేది. కాన్సాస్ మైదానంలో కట్టెలు దొరకవు. ఎండుగడ్డి, వరిగడ్డి లాంటి గోధుమ గడ్డి, పశువుల పేడని గడ్డితో కలిపి ఎండబెట్టిన దిమ్మలు, వీటితోనే దాన్ని కాల్చేవారు. అంటే పిడకలు. క్రిస్మస్ బిస్కట్లు పిడకల మీద కాలాయి. ఇది చదివిన రోజు నేను కింది పోర్షన్ అక్కకి వెంటనే పోయి చెప్పాను. ఆమె తాపీగా, "పిడకల మీద కాలిస్తే రుచి ఉంటది మరి, గ్యాసు మీద ఏముంటది?" అంది.

పిల్లల సంగతులు ఇంకా బాగుంటాయి. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఇంట్లో ఎందరు పిల్లలుంటే అన్ని పళ్ళాలు బల్ల మీద వరసగా పెట్టి పడుకునేవారు. తెల్లారి లేచి చూస్తే పళ్ళెంలో పెప్పర్‌నట్లు, కాయలు, మిఠాయి. ఎప్పుడన్నా ఒక నారింజ. దానికి ముందు పిల్లలకి ఒక పరీక్ష ఉండేది. వున్ష్ అంటారు, శుభాకాంక్ష అని అర్థం. జర్మన్‌లో ఒక పద్యం బళ్ళో రాయించి, కంఠతా పట్టించి పంపేవారు. దాన్ని అమ్మానాన్నల ముందు, తాతా అమ్మమ్మల ముందు చేతులు కట్టుకుని తడబడకుండా అప్పజెప్పాలి. చర్చిలోనూ అంతే. పిల్లలు ఒక్కొక్కరే ముందుకొచ్చి చెప్పాల్సింది చెప్పాక, చివర్లో అందరికీ తలొక కాగితం సంచి. అందులో వేరుశనగలు, చాక్లెట్లు, ఒక పండు.

ఇక్కడికి వచ్చేసరికి మీలో కొంతమంది నవ్వుకుంటూ ఉంటారు. మన తెలుగు చర్చిల్లో సండే స్కూల్ పిల్లల కార్యక్రమం చూసినవాళ్ళకి ఇది కొత్తది కాదు. తెల్లగౌన్లు, తగరం కాగితం రెక్కలు, గొర్రెల కాపరి వేషానికి నాన్న తువ్వాలు, మైకు ముందు నోట మాట రాని పిల్లాడు, పక్కనుంచి పెదాలు కదిపి అందించే టీచరమ్మ. కంఠత వాక్యం చెప్పాక చప్పట్లు. చివరికి తలొక పొట్లం. బూందీ, మిక్చర్, ఒక అరటిపండు.

మరి ఆ రైతులకీ దేవరకొండకీ దారి ఎట్లా కలిసిందంటే, రష్యాలో ఉండిపోయిన మెన్నొనైట్లలో అబ్రహాం ఫ్రీజెన్ అనే ఆయన జర్మనీలోని హాంబర్గు బాప్టిస్టు సెమినరీలో చదివి, 1889లో తెలుగు దేశానికి వచ్చాడు. నల్గొండలో మిషన్ పెట్టాడు. అది విని, అమెరికాలో ఉన్న వాళ్ళ శాఖ కూడా తెలుగువాళ్ళ దగ్గరికే మనుషుల్ని పంపాలనుకుంది. 1899లో మిన్నెసోటాలోని మౌంటెన్ లేక్ అనే పల్లె నుంచి నికొలస్ హీబర్ట్, సుసానా దంపతులు హైదరాబాదు చేరారు. ఆరోగ్యం చెడి రెండేళ్ళలోనే వెనక్కి పోవాల్సి వచ్చింది. తరవాత వచ్చినవాళ్ళు నిలదొక్కుకున్నారు. మలక్‌పేట, నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, శంషాబాద్, జడ్చర్ల. జడ్చర్ల ఎం.బి. ఆస్పత్రి పేరు పాలమూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ హీబర్ట్ గారి మనవడు పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లోనే పుట్టాడు. పెద్దయ్యాక మానవశాస్త్రవేత్తయి, కొండూరు అని మన పల్లె జీవితం మీదే పుస్తకం రాశాడు. 1971లో వచ్చింది.

మలక్‌పేట అంటే మాకు పక్కనే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్. మధ్యలో ముందుగా వచ్చేది మూసారాంబాగ్. ఆ పేరు కూడా ఒక ఐరోపావాడిదే. నిజాం దగ్గర సైన్యాధిపతిగా పనిచేసి 1798లో పోయిన ఫ్రెంచివాడు రేమండ్, జనం నోట్లో పడి మూసా రాముడయ్యాడు. సెటిలరంటే ఆయనా సెటిలరే.

ఇప్పుడు నాకు అసలు ఆసక్తి పుట్టించిన ప్రశ్న. వాళ్ళ పండగ వచ్చింది. పిల్లల కంఠతలు వచ్చాయి, పొట్లాలు వచ్చాయి, ఇంటి మీద వేలాడే నక్షత్రం వచ్చింది, డిసెంబరు 31 అర్ధరాత్రి వాచ్‌నైట్ ప్రార్థన వచ్చింది. పెప్పర్‌నట్ ఎందుకు రాలేదు? జ్వీబాక్ ఎందుకు రాలేదు? దేవరకొండ అక్క వాళ్ళ అమ్మమ్మ దొరసానమ్మ బంగళాలో పనిచేసినావిడ. ఆవిడక్కూడా ఆ వంట రాదు.

నా మట్టుకు నాకు జవాబు పొయ్యిలోనే ఉంది. వాళ్ళది నాలుగువైపులా వేడి కమ్ముకునే మూసిన పొయ్యి. మనది పైకి మంట లేచే మూడురాళ్ళ పొయ్యి. దాని మీద బాండ్లి పెట్టగలం, కుండ పెట్టగలం, పెనం పెట్టగలం. బిస్కట్ కాల్చలేం. అందుకని మన పల్లెల్లో క్రిస్మస్ వచ్చినప్పుడు అది నేరుగా నూనె మూకుట్లోకి దిగింది. ఇంట్లో చెయ్యడం వచ్చిన పండగ వంటలు ఏవున్నాయో అవే క్రిస్మస్ వంటలయ్యాయి. అరిసెలు, లడ్డూలు, మురుకులు, గవ్వలు. పండగ కొత్తదే, బాండ్లి పాతది.

దీనికి సాక్ష్యం గులాబీ పువ్వులు. పై పోర్షన్ పిన్నిగారు క్రిస్మస్ వారంలో ఒక సాయంత్రమంతా వీటికే కేటాయిస్తారు. పువ్వు ఆకారంలో ఇనప అచ్చు, దానికో పొడుగు కాడ. బియ్యప్పిండి, మైదా, పంచదార, గుడ్డు, కొద్దిగా నువ్వులు కలిపి జారుగా పిండి. అచ్చుని ముందు కాగే నూనెలో ముంచి ఉంచాలి. ఇనుము బాగా వేడెక్కాక తీసి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. అంచు మునిగిందా, పువ్వు అచ్చుకి తాళం వేసుకుని కూర్చుంటుంది, ఇక ఊడి రాదు. వేడి చాలకపోతే పిండి అంటదు. మరీ ఎక్కువైతే పిండి గిన్నెలోనే చుయ్యిమని జారిపోతుంది. మళ్ళీ నూనెలో పెట్టి కాడని మెల్లగా కదిపితే, పువ్వు విడిపోయి తేలుతుంది. మొదటి నాలుగైదు ఎప్పుడూ పాడవుతాయి. అవి మా ఇంటికి వస్తాయి. కొత్త అచ్చయితే రాత్రంతా నూనెలో నానబెట్టాలిట.

ఇదే అచ్చు, ఇదే కాడ, ఇదే నూనె. మిన్నెసోటాలో నార్వే వలసదారుల ఇళ్ళలో కూడా క్రిస్మస్‌కి ఇదే చేస్తారు. రోజెట్ అంటారు. పైన మెత్తటి పంచదార జల్లుతారు. దానికి మూసిన పొయ్యి అక్కర్లేదు కదా, మూకుడు చాలు. నూనెలో వేగేది సముద్రాలు దాటింది, పొయ్యిలో కాలేది దాటలేదు అని నా సిద్ధాంతం. పండితులెవరైనా ఒప్పుకోకపోతే పిన్నిగారితో వాదించుకోవాలి.

నార్వే వాళ్ళ మాట వచ్చింది కాబట్టి. వాళ్ళ క్రిస్మస్ భోజనంలో లెఫ్సె అని ఒకటి ఉంటుంది. ఉడికించిన ఆలుగడ్డ, పిండి, వెన్న కలిపి, గాళ్ళున్న కర్రతో పల్చగా వత్తి, పెద్ద పెనం మీద వేసి, పొడుగాటి చెక్క బద్దతో తిప్పుతారు. వెన్న, పంచదార రాసి చుట్టుకుని తింటారు. పూర్ణం లేని పోలె అనుకోండి. రెండోది లూట్‌ఫిస్క్. ఎండబెట్టిన కాడ్ చేపని రోజుల తరబడి నీళ్ళలో, క్షారంలో నానబెట్టి, మళ్ళీ నీళ్ళు మార్చి మార్చి ఆ క్షారం పోగొట్టి, ఉడికిస్తారు. జెల్లీలాగా వణుకుతుంది. మిన్నెసోటాలో చర్చి కింది గదుల్లో దీనికోసం ప్రత్యేకంగా భోజనాలు పెడతారు. వాసనకి ముక్కు మూసుకునేవాళ్ళు కూడా ఏటా పోయి తింటారు. ఇప్పటి నార్వేలో కంటే అమెరికాలోని నార్వే సంతతి వాళ్ళే దీన్ని ఎక్కువ పట్టుకు వేలాడుతున్నారని ఒక వేళాకోళం ఉంది. అమెరికా తెలుగు సంఘాల సంబరాలు చూసినవాళ్ళకి దాని మీద నేను వ్యాఖ్యానం చెప్పక్కర్లేదు.

ఎండబెట్టిన తిండి అంటే విల్లా కాదర్ 1918లో రాసిన మై ఆంటొనియా నవల గుర్తొస్తుంది. బొహీమియా నుంచి నెబ్రాస్కాకు వచ్చిన నిరుపేద కుటుంబం. చలికాలంలో పొరుగింటివాళ్ళు బుట్టనిండా తిండి పట్టుకొస్తే, ఆ ఇంటి తల్లి బదులుగా తన దగ్గరున్న అపురూపమైన వస్తువు ఇస్తుంది. చెక్క పేళ్ళ లాగా ఏవో గోధుమరంగు ముక్కలు, చిన్న సంచిలో. పొరుగింటి ముసలామె ఇంటికి పోయి, ఇదేమి పాడు వస్తువో అని పొయ్యిలో పారేస్తుంది. మనవడు ఒక ముక్క కొరికి చూస్తాడు. అవి బొహీమియా అడవుల్లో ఏరి, ఎండబెట్టి, సముద్రం దాటించి తెచ్చుకున్న పుట్టగొడుగులని అతనికి ఎన్నో ఏళ్ళ తరవాత గానీ తెలియదు. అది చదివినప్పుడు నాకు మా అత్తగారు కోదాడ నుంచి తెచ్చిన ఒడియాల డబ్బా గుర్తొచ్చింది. దాన్ని చూసి మా ఇంటాయన స్నేహితుడొకాయన, ఇదేమిటి, ఫెవికాల్ ఎండబెట్టారా అన్నాడు.

మా మెట్ల మీద కూడా తగాదాలున్నాయి. పిన్నిగారు కజ్జికాయలు అంటారు. అక్క గరిజెలు అంటుంది. రెండూ ఒకటే. కానీ పిన్నిగారి దాంట్లో కొబ్బరి, బెల్లం. అక్క దాంట్లో పుట్నాల పొడి, చక్కెర. నాదే అసలుది అంటే నాదే అసలుదని మెట్ల మీద నిలబడి ఒకరిదొకరికి రుచి చూపించుకుంటూ వాదించుకుంటారు. పిన్నిగారు అరిసెల్లో నూనె వత్తడానికి రెండు చెక్కలు గుంటూరు నుంచి తెచ్చుకున్నారు. "ఆ చెక్కలు లేకుండా అరిసె చేస్తే అది అరిసె కాదమ్మాయ్, నూనెలో మునిగిన అట్టు" అంటారు. అక్క రెండు గంటెల మధ్య పెట్టి వత్తేస్తుంది. పాకం మాత్రం ఇద్దరూ ఒకేలాగ చూస్తారు. చుక్క నీళ్ళలో వేసి, వేలితో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఆ బెల్లం పాకం వాసన మెట్ల మీదుగా మా గుమ్మం దాకా వస్తే, మేం ఏ మతమో కాసేపు మర్చిపోతాం.

ఇప్పుడు కేకు కూడా వచ్చింది. అది మిషనరీల నుంచి వచ్చింది కాదు, బేకరీల నుంచి వచ్చింది. డిసెంబరు మొదటి తారీకు నుంచే సెమీ క్రిస్మస్ వేడుకలు మొదలవుతాయి. ఈ సెమీ క్రిస్మస్ అన్నది అచ్చంగా మన దగ్గర పుట్టిన మాటే అనుకుంటాను. ప్రతి కాలనీలో, ప్రతి కాలేజీలో, తలుపంత కేకు, దాని చుట్టూ ఇరవై మంది నాయకులు, అందరి చెయ్యీ ఒకే చాకు మీద. ఫొటో అయ్యాక ఆ కేకు ఎవరు తిన్నారో ఎప్పుడూ తెలియదు. నాకు ఆ కేకు మీద గౌరవం లేదు. క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక షామియానా కింద అందరూ బంతిలో కూర్చుని తినే ప్రేమవిందు మీద ఉంది.

పోయిన ఏడాది నవంబరులో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. కాన్సాస్‌లో విచితా. పిన్నిగారు ఒక డబ్బా గులాబీ పువ్వులు ఇచ్చారు. విరగకుండా తీసుకుపోవడానికి నేను పడిన పాట్లు విమానంలో పసిబిడ్డ ఉన్న తల్లి కూడా పడదు. అక్కడినుంచి ఉత్తరంగా గంట ప్రయాణంలో హిల్స్‌బరో అనే చిన్న ఊరుంది. మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ళు స్థిరపడ్డ ఊరు, 1908 నుంచి వాళ్ళ కాలేజీ కూడా ఉంది. మా అమ్మాయి స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్ళాం. వట్టి చేతులతో పోకూడదు కదా, డబ్బాలో సగం పువ్వులు తీసుకుపోయాను.

ఆ ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంది. డబ్బా మూత తీయగానే, "రోజెట్లు! మిన్నెసోటాలో మా పక్కింటి నార్వే ఆవిడ చేసేది. మీకెట్లా వచ్చు?" అంది. నాకు కాదు, మా పై పోర్షన్ ఆవిడకి అన్నాను. ఎక్కడినుంచి వచ్చావంటే హైదరాబాద్ అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, "మలక్‌పేట, దేవరకొండ, శంషాబాద్" అంది. చిన్నప్పుడు వాళ్ళ చర్చిలో గోడకి మిషన్ పటం ఉండేదట. ఆదివారం చందా వేసేటప్పుడు ఆ ఊళ్ళ పేర్లు పిల్లలు చదవాలట. తను ఎన్నడూ చూడని మూడు ఊళ్ళ పేర్లు డెబ్బై ఏళ్ళుగా ఆవిడ నోట్లో ఉన్నాయి. శంషాబాద్‌లోనే నేను విమానం ఎక్కానని చెబితే నమ్మలేదు. ఆవిడ పటంలో అది పల్లెటూరు.

వచ్చేటప్పుడు నా డబ్బా తిరిగి ఇస్తూ అందులో పెప్పర్‌నట్లు నింపింది. కిలో పైనే ఉంటాయి.

డిసెంబరు రెండో వారంలో ఇంటికి చేరాను. పిన్నిగారు రెండు నోట్లో వేసుకుని, "సోంపు ఎక్కువైందమ్మాయ్" అన్నారు. కింది అక్కకి ఆ పెద్దావిడ సంగతంతా చెప్పాను. దేవరకొండ పేరు పలికిందనగానే అక్క కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత డబ్బా తన వైపు లాక్కుని, "ఇవి నాకియ్యక్కా, సండే స్కూల్ పిల్లలకి పొట్లాలు కడుతున్నం" అంది.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం కార్యక్రమానికి నేనూ వెళ్ళాను. కంఠతలయ్యాయి. గొర్రెల కాపరి తువ్వాలు రెండుసార్లు జారిపోయింది. చివర్లో పొట్లాలు పంచారు. బూందీ, మిక్చర్, మురుకు ముక్కలు, వాటి మధ్య తలా ఒక గుప్పెడు గోధుమరంగు గింజలు. నా పక్క కుర్చీలో కూర్చున్న ఏడేళ్ళ పిల్లాడు ఒకటి తీసి, తిప్పి తిప్పి చూసి, నోట్లో వేసుకుని, కొరికి, నా చెవి దగ్గరికి వంగి రహస్యంగా చెప్పాడు:

"ఆంటీ, ఈసారి గవ్వలు మాడినయి."